మతం గడిలో రెండు గీతలు

ఆ బడిలో అందరికీ ఆమె క్లర్కమ్మ. అసలు పేరు సర్వీసు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది. ఇరవయ్యారేళ్ళుగా ఒకటో తరగతిలో చేరిన ప్రతి బిడ్డా ఆమె కలం దాటుకునే లోపలికి వెళ్ళింది. చేతిరాత చూసి తీరాలి. అక్షరాలు గుండ్రంగా, ఒకదాన్నొకటి తోసుకోకుండా, బుద్ధిగా వరసలో నిలబడేవి. తనిఖీకి వచ్చిన అధికారులు అందులో ఏం రాసుందో చూడకుండా రాతనే మెచ్చుకుని, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్క మహానుభావుడైనా కళ్ళు పెట్టి చదివి ఉంటే వ్యవహారం ఇంతదాకా వచ్చేది కాదు.

ఎందుకంటే క్లర్కమ్మకి ఒక బద్ధకం ఉంది. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ పొల్లుపోకుండా రాస్తుంది. మతం అనే గడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి దానంతటదే రెండు చిన్న గీతలు గీసేస్తుంది. పైనున్నదే కిందా అని అర్థం, డిటో అంటారు. పేజీ మొదటి వరసలో ఒక్కసారి పూర్తిగా రాయడం, అక్కణ్ణించి అడుగుదాకా గీతలు లాగించెయ్యడం. మరేం చేస్తుంది? బడి తెరిచిన వారంలో గుమ్మం బయట వందమంది తల్లిదండ్రులు, చంకల్లో ఏడ్చే పిల్లలు, కిటికీ ఊచల్లోంచి దూరే చేతులు. ఆ గోలలో మీ మతమేమిటని ఎవర్ని అడుగుతాం? అడిగినా ఎవరికి కావాలి? ఆ గడి అక్కడ ఎందుకుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు.

ఊళ్ళో రెండు మతాలవాళ్ళు ఉన్నారు. పేర్లు ఒకటే, భాష ఒకటే, కుళాయి దగ్గర తిట్టుకునే తిట్లు కూడా ఒకటే. పేరు చూసి ఎవరు ఎటువాళ్ళో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాలవకి ఇవతల మనవాళ్ళు ఎక్కువ, అవతల వాళ్ళు ఎక్కువ, మధ్య సందుల్లో ఇద్దరూ కలిసే కాపురాలు చేస్తున్నారు. మనవాళ్ళంటే ఎవరంటారా? క్లర్కమ్మ ఇవతలి మనిషి కాబట్టి ఈ కథలో మనవాళ్ళంటే ఇవతలివాళ్ళు. కాలవ దాటి చెప్పుకుంటే మాట తిరగబడుతుంది, అంతకుమించి తేడా లేదు.

పోయిన ఏడాది పార్టీ గెలిచింది. గెలిచిన నెలకే ప్రతి బడికీ ఒక సంఘం వచ్చింది, సంఘానికో కార్యదర్శి వచ్చాడు, కార్యదర్శికో బల్ల కావలసి వచ్చింది. క్లర్కమ్మ గదిలో కిటికీ పక్క బల్ల ఆయనది అయింది, ఆమె బల్ల బీరువా పక్కకి, చీకట్లోకి జరిగింది. ముందు ప్రార్థన మారింది. తర్వాత చరిత్ర పుస్తకంలో కొన్ని పేజీలు మారాయి. హెడ్మాస్టరు ప్రతిదానికీ "పైనుంచి వచ్చిందమ్మా" అని నీళ్ళు నమిలేవాడు. ఆ తర్వాత అసలుది వచ్చింది. ఎవరి పిల్లలు వాళ్ళ బడిలోనే చదవాలి. ఈ బడి మనవాళ్ళకి, వాళ్ళ పిల్లలకి కాలవ అవతల బడి.

అవతల బడి అనేది ఒకప్పుడు సిమెంటు బస్తాలు దాచిన రేకుల షెడ్డు. బల్లలు లేవు. టీచర్లు ఇద్దరు, వాళ్ళలో ఒకాయన సగం రోజులు రాడు. అన్నిటికీ మించి దానికి గుర్తింపు లేదు, అక్కడి పిల్లలు పదో తరగతి పరీక్ష రాయడానికి లేదు. గుర్తింపు వస్తుందన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

ఎవరు ఎటో తేల్చడానికి పార్టీ ఒకే ఒక్క ఆధారం పెట్టుకుంది. నోటిమాట చెల్లదు, ఇరుగుపొరుగు సాక్ష్యం చెల్లదు. అడ్మిషన్ రిజిస్టర్లో మతం గడిలో ఏముంటే అదే.

గురువారం మధ్యాహ్నం పదో తరగతి జాబితా నోటీసు బోర్డుకెక్కింది. కాలవ అవతలికి పోవాల్సినవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదో పేరు క్లర్కమ్మ మనవరాలిది.

ఆ పిల్లని ఇంట్లో మిరపగింజ అంటారు. చూడ్డానికి పిడికెడు, నోరు విప్పితే ఎదుటివాళ్ళకి కళ్ళనీళ్ళే. లెక్కల్లో బడి మొత్తానికి మొదటిది. పరీక్షకి రెండు నెలలుందనగా గోడకి కాగితం అంటించి రోజూ ఒక అంకె కొట్టేస్తోంది. అది ఆఫీసు గదిలోకి దూసుకొచ్చి, "నానమ్మా, బోర్డు మీద నా పేరెందుకుంది?" అంది.

"ఇంకెవరిదో అయ్యుంటుందే. నీ పేరుగలవాళ్ళు ఊళ్ళో కోకొల్లలు."

"తండ్రి పేరు మా నాన్నదే. పుట్టినతేదీ నాదే. నాకు చదవడం వచ్చు నానమ్మా."

క్లర్కమ్మ లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. ఆ తలుపు కింది మూలన కాలితో ఒక్కటిస్తే గానీ రాదు. పదేళ్ళ కిందటి రిజిస్టరు తీసి, దుమ్ము కొంగుతో తుడిచి, అరవై రెండో పేజీ తెరిచింది. మొదటి వరసలో అవతలివాళ్ళ అమ్మాయి ఒకతె, మతం గడిలో పూర్తిగా రాసి ఉంది. రెండు, మూడు వరసల్లో వాళ్ళ పిల్లలే, రెండేసి గీతలు. నాలుగో వరసలో మనవరాలు. రెండు గీతలు.

ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. స్టాఫ్ పిల్లలని అందరికంటే ఆఖర్న చేర్చుకోవాలన్నది ఆమె పెట్టిన పద్ధతే. సొంతవాళ్ళని ముందు తోసేసుకున్నారని బయట నిలబడ్డవాళ్ళు అనుకోకూడదని ఆమె పట్టుదల. అందుకని ఐదేళ్ళ పిల్లని పొద్దుటినుంచి సాయంత్రందాకా ఈ గదిలోనే కూర్చోబెట్టింది. చివరి మనిషి వెళ్ళాక దాన్ని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టుకుని, అది కలం మూత కొరుకుతూ చూస్తుండగా, పేరు తన జన్మలో రాయనంత అందంగా రాసింది. పక్క గదిలో టీచర్లని పిలిచి చూపించింది కూడా. ఆ మురిపెంలో మతం గడి దగ్గర చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

"క్లాసుకి పో. నేను చూసుకుంటాను," అంది మనవరాలితో. పిల్ల వెళ్ళాక, ఎందుకో, ఒక పేజీ వెనక్కి తిప్పింది. తిప్పకుండా ఉండాల్సింది.

అరవయ్యొకటో పేజీ మొదటి వరస మనవాళ్ళది. కింద ఇరవై వరసలు, అన్నీ గీతలే. ఆ ఇరవైలో ఐదుగురు వాళ్ళ పిల్లలు. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చూసింది. అందరి ఇళ్ళూ తెలుసు, అందరి అమ్మలూ తెలుసు. తొమ్మిదో వరసలో టైలరమ్మ కూతురు, మిరపగింజ పక్కన బెంచీలో కూర్చునేది. ఆ ఐదుగురి పేర్లూ బోర్డు మీద లేవు. రిజిస్టరు లెక్కన వాళ్ళు మనవాళ్ళు. క్లర్కమ్మ బద్ధకం వల్ల ఆ ఐదుగురూ పరీక్ష రాయబోతున్నారు, అదే బద్ధకం వల్ల ఆమె మనవరాలు రాయడం లేదు.

నా గీతలు తప్పు అని ఒక్క పిల్ల కోసం ఒప్పుకుంటే, మిగతా గీతల సంగతేమిటని అడగనివాడు ఎవడుంటాడు?

అయినా కార్యదర్శి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయనా ఈ బడిలో చదివినవాడే. రోజూ గంట కొట్టాక వచ్చేవాడని అందరూ తాబేలు అనేవాళ్ళు. చేర్చుకునే వయసుకి నాలుగు నెలలు తక్కువైతే, వాళ్ళమ్మ వచ్చి కాళ్ళావేళ్ళా పడితే, క్లర్కమ్మే పుట్టినతేదీ వెనక్కి జరిపి రాసింది. ఒరేయ్ తాబేలూ అని పిలిచిన నోటితో ఇప్పుడు మీరు అనాల్సి వస్తోంది.

"బాబూ, మా మనవరాలి పేరు పొరపాటున పడింది. మేమెవరమో మీకు తెలియనిదా?"

కార్యదర్శి లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చునేదాకా తను కూర్చోలేదు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. "నాకు తెలుసమ్మా. మీ ఇంట్లో తిని పెరిగినవాణ్ణి. కానీ నాకు తెలియడం వేరు, కాగితానికి తెలియడం వేరు. శనివారం నాలుగు గంటలకి పరీక్ష రాసేవాళ్ళ జాబితా పైకి వెళ్ళిపోతుంది. ఈలోగా మీరు రాసివ్వండి, ఈ వరసలో తప్పెలా జరిగిందో. నేను చూస్తాను."

"రాస్తే సరిపోతుందా?"

"రాయకపోతే మాత్రం సరిపోదమ్మా."

ఆ సాయంత్రం టైలరమ్మ క్లర్కమ్మ ఇంటికి వచ్చింది. క్లర్కమ్మా ఆవిడా పాతికేళ్ళుగా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఎవరు ఎవరికి ఏ వరసన వదినో ఇద్దరూ ఎన్నడూ ఆలోచించలేదు. బడి యూనిఫారాలన్నీ ఆవిడ మిషను మీదవే. మిరపగింజ పొడుగైంది, గౌను అంచు దింపాలన్న వంకతో వచ్చి, పిల్లని స్టూలు మీద నిలబెట్టి, నేల మీద మోకాళ్ళేసుకుని కొలతలు తీసింది. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు.

"నువ్వు బట్టలు మార్చుకో పోమ్మా," అని పిల్లని లోపలికి పంపి, సూదులు ఒక్కొక్కటే తీసి కొంగుకి గుచ్చుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"వదినా, బోర్డు చూసొచ్చాను. మా పిల్ల పేరు లేదు. ఎందుకు లేదో నేనడగను. నువ్వు చెప్పకు."

క్లర్కమ్మ స్టూలు పక్కకి జరిపింది.

"మీ పిల్ల పేరుంది. అదీ చూశాను. రెండూ చూసినదాన్నే కాబట్టి ఏదో కొంత అర్థమైంది. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను గానీ, ఒకచోట కుట్టు విప్పితే ఎక్కడిదాకా ఊడొస్తుందో నాకు తెలుసు." ఆవిడ కళ్ళెత్తలేదు. టేపు చుట్టిందే మళ్ళీ చుట్టింది. "మీ పిల్లని వదిలేసుకోమని అనే మొహం నాకు లేదు. నేనైతే వదులుకోను. అయినా వచ్చాను. ఎందుకొచ్చానో నాకే తెలియట్లేదు. సిగ్గేస్తోంది వదినా."

"టీ పెడతాను, కూర్చో," అంది క్లర్కమ్మ.

"వద్దులే. గౌను ఆదివారానికి ఇచ్చేస్తాను," అని టైలరమ్మ లేచి, చెప్పులు వెతుక్కుని, సందులోకి వెళ్ళిపోయింది. ఆవిడ మోకాళ్ళు ఆనినచోట నేల మీద ఒక గుండుసూది పడి ఉంది. క్లర్కమ్మ దాన్ని తీసి కిటికీ అంచున పెట్టింది.

శుక్రవారం హెడ్మాస్టరుని కలిసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు. "నాకు ఇంకా మూడేళ్ళ సర్వీసుందమ్మా," అన్నాడు. ఆమె ఆయన సర్వీసు గురించి అడగలేదు, ఆయనా ఆమె అడిగినదానికి చెప్పలేదు. బయటికొచ్చి వరండాలో కాసేపు నిలబడింది. పదో తరగతి గదిలోంచి లెక్కల మాస్టారి గొంతు, ఆ వెంటనే జవాబు చెప్తున్న మిరపగింజ గొంతు వినిపించాయి. ఆ పక్కనుంచే టైలరమ్మ కూతురు ఏదో గొణిగి నవ్వడం కూడా వినిపించింది.

ఇంటికొస్తే కోడలు వాకిట్లోనే కూర్చుని ఉంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. యూనిఫారం కూడా మార్చలేదు. కొడుకు లారీ డ్రైవరు, పది రోజులుగా ఊళ్ళో లేడు, ఫోను కలవడం లేదు. అత్తాకోడళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేచింది లేదు. అందుకే కోడలి గొంతులో ఆ నిదానానికి క్లర్కమ్మకి భయమేసింది.

"అత్తయ్యా, రాసిచ్చారా?"

"రేపిస్తాను."

"రేపెందుకు? ఒక్క వాక్యం రాయడానికి మీకు రెండు రోజులు కావాలా? ఊళ్ళో అందరూ మీ చేతిరాతని పొగుడుతుంటే విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆ చెయ్యి మన పిల్ల దగ్గరికొచ్చేసరికి లేవట్లేదేం?"

"అది కాదమ్మా. అది ఒక్క పిల్ల విషయం కాదు."

"నాకు ఒక్క పిల్లే అత్తయ్యా." కోడలు లేచి నిలబడింది. "పెళ్ళై వచ్చినప్పణ్ణించి మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. తప్పు మీరు చేశారు, మీరే దిద్దండి. ఆ పిల్ల షెడ్డులో కూర్చుంటే నేను మీ మొహం చూడలేను. కోపంతో అంటున్న మాట కాదు. నిజంగా చూడలేను."

లోపల మిరపగింజ గోడ మీది కాగితం ముందు నిలబడి ఉంది. ఆ రోజు అంకె కొట్టెయ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. నానమ్మని చూసి అడిగింది. "నా పేరు తప్పు పడిందన్నావు సరే. మరి టైలరమ్మ కూతురి పేరెందుకు లేదు నానమ్మా? వాళ్ళు అటువాళ్ళే కదా?"

క్లర్కమ్మ ఒక్క అంగలో వెళ్ళి దాని నోటి మీద చెయ్యి పెట్టింది. గట్టిగానే పడింది. "ఆ మాట ఇంకెక్కడా అనకు. మీ అమ్మ దగ్గరైనా సరే. విన్నావా?"

పిల్ల చెయ్యి తప్పించుకోలేదు. తెలివైనది, అర్థమైపోయింది. కాసేపటికి, "నేను షెడ్డుకే పోతే అది ఇక్కడ ఉంటుందా?" అంది. ఒకవేళ ఆ పిల్ల పోతానంటే తను ఏం చేస్తుందో క్లర్కమ్మకే తెలియదు, కానీ పిల్ల అనలేదు. అనకుండా కలం తీసి ఆ రోజు అంకె కొట్టేసింది. పదిహేనేళ్ళ పిల్ల, పరీక్ష రాయాలని ఉంది, అందులో దాని తప్పేముంది?

శనివారం మధ్యాహ్నానికి క్లర్కమ్మ కాగితం సిద్ధం చేసుకుంది. ఆరుసార్లు రాసి ఐదు చింపాక కుదిరింది. 'అరవై రెండో పేజీ నాలుగో వరసలో మతం గడిలో పొరపాటున డిటో గుర్తు పడినది. సరిచేయ ప్రార్థన.' అంతే. పక్క పేజీ మాట లేదు, అలవాటు మాట లేదు. ఇంత చిన్న కాగితంలోంచి ఎవరు ఏం లాగగలరని తనకు తాను ధైర్యం చెప్పుకుని, మూడు గంటలకి కిటికీ పక్క బల్ల మీద పెట్టింది.

కార్యదర్శి చదివాడు. రిజిస్టరు తెప్పించుకుని అరవై రెండో పేజీ తెరిచి, నాలుగో వరస మీద స్కేలు పెట్టాడు.

"ఈ ఒక్క వరసేనా అమ్మా పొరపాటు?"

"ఒక్కటే బాబూ."

"మిగతా డిటోలన్నీ అడిగి తెలుసుకుని పెట్టినవే. మీ సొంత మనవరాలికి మాత్రం చూసుకోకుండా పెట్టేశారు."

ఆమె చూపు స్కేలు మీదికి పోయింది.

"నేను నమ్ముతానమ్మా. పైవాళ్ళు నమ్మరు. మనవరాలి కోసం ఇప్పుడు కథ అల్లిందంటారు. మీ ఉద్యోగానికి కూడా ఇబ్బంది." గొంతులో నిజంగానే బాధ ఉంది, అదే ఆమెని ఇంకా బెదరగొట్టింది. "డిటో పెట్టడం మీకు అలవాటని, ఎవర్నీ అడిగి పెట్టింది కాదని రాస్తే అది వేరు. అలవాటులో జరిగిన పొరపాటు అంటే ఎవరైనా నమ్ముతారు. నా పుట్టినతేదీ ఎలా రాశారో నాకు తెలియదా? మీ చెయ్యి మంచిదమ్మా. మంచి మనసుతో రాసినవే అన్నీ."

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. అన్నీ అడిగే పెట్టాను, ఒక్కటే తప్పు అని గట్టిగా నిలబడి ఉండొచ్చు. అప్పుడు ఐదుగురు మిగులుతారు, మిరపగింజ పోతుంది. ఆమె ఐదునీ ఒకటినీ పక్కపక్కన పెట్టి చూసింది. లెక్కల్లో ఐదు ఎక్కువని మనవరాలే నేర్పాలా? కానీ ఆ ఐదుగురిలో ఒక్కరూ ఈ బల్ల మీద కూర్చుని ఆమె కలం మూత కొరకలేదు. టైలరమ్మ కొంగుకి గుచ్చుకున్న సూదులు కళ్ళముందు మెదిలాయి. నేనైతే వదులుకోను అని ఆవిడే అంది కదా. ఆవిడే అంది కదా అని మనసులో రెండుసార్లు అనుకుని, కాగితం వెనక్కి తీసుకుని, కింద ఇంకో వాక్యం రాసింది. 'మతం గడిలో ఎవరినీ అడగకుండా డిటో గుర్తులు పెట్టుట నాకు మొదటినుండి అలవాటు.' సంతకం పెట్టింది. అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగానే వచ్చాయి.

కార్యదర్శి రెండుసార్లు చదివి, మడిచి, ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత సొరుగులోంచి కొత్త పుస్తకం ఒకటి తీశాడు. గళ్ళు ముందే గీసి ఉన్నాయి. పేర్లు కూడా రాసి ఉన్నాయి, పదో తరగతి మొత్తం డెబ్బైమందివి. చివరి గడి ఖాళీగా ఉంది.

"అయితే అమ్మా, డిటో ఉన్న ఏ వరసనీ నమ్మడానికి లేదన్నమాట. మీరే రాసిచ్చారు. పదో తరగతిలో అలాంటివి యాభై తొమ్మిది. వాళ్ళందరికీ చివరి గడిలో సందేహం అని రాయండి. సందేహం తీరేదాకా అందరూ అవతల బడికే."

ఆమెకి మొదట అర్థం కాలేదు. "అందరూ అంటే... అందులో మనవాళ్ళే కదా బాబూ ఎక్కువ?"

"మనవాళ్ళే అయితే పార్టీ ఆఫీసుకి వస్తారు కదమ్మా. సభ్యత్వం తీసుకుని, మావాళ్ళే అని ఉత్తరం తెచ్చుకుంటారు. మనవాళ్ళెవరో రిజిస్టరు చెప్పలేనప్పుడు పార్టీయే చెప్పాలి." ఆయన ఓపిగ్గానే చెప్తున్నాడు. "ఉత్తరం తెచ్చినవాళ్ళ పేర్లు పరీక్ష జాబితాలో కలపడానికి ఆరు రోజుల గడువడిగాను. ఆఫీసులో రోజుకి ఐదుగురికి ఇవ్వగలరు."

ఆమె బుర్రలో లెక్క దానంతటదే జరిగిపోయింది. ఆరైదులు ముప్పై. మిగతా ఇరవై తొమ్మిదిమందికి ఉత్తరం అందదు. ఊళ్ళో సగం ఇళ్ళు సోమవారం పొద్దున్నే పార్టీ ఆఫీసు ముందు వరస కడతాయి. పార్టీకి కావలసింది ఈ వరసే. తొమ్మిదిమందిని పంపడం వాళ్ళకేం పెద్ద పని? తను రాసిచ్చిన వాక్యం కోసమే కుర్చీ జరిపి కూర్చోబెట్టారు.

"బాబూ, మా పిల్లకి మొదటి రోజే ఇప్పించు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నీ కోసం మీ అమ్మ నా కాళ్ళు పట్టుకున్నప్పుడు నేను కాదనలేదురా." మీరు అనే మాట ఎప్పుడు జారిపోయిందో ఆమె గమనించలేదు.

ఆయన మొహం ఒక్క క్షణం చిన్నప్పటి తాబేలు మొహంలా అయింది. వెంటనే సర్దుకున్నాడు. "ఇవ్వాలనే ఉందమ్మా. కానీ వరసక్రమం మీ పాత పద్ధతి ప్రకారమే రాసి పంపాను, ఎవరూ వేలెత్తి చూపకూడదని. స్టాఫ్ పిల్లలు ఆఖర్న."

వరండాలో ఎవరో నోటీసు బోర్డు అద్దం తలుపు తీస్తున్న చప్పుడైంది. పాత జాబితా చింపుతున్నారు.

"ఒక్క ఏడాదే కదమ్మా," అన్నాడు కార్యదర్శి. పుస్తకం ఆమె వైపు తిప్పి, కలం మూత తీసి ఇచ్చాడు. "ఈసారి డిటోలు వద్దు. ప్రతి పేరుకీ పూర్తిగా రాయండి."

ఇది రాయను అని లేచిపోయి ఉండొచ్చు. లేవలేదు. ఆమె రాయకపోతే ఇంకొకరు రాస్తారు, వంకర అక్షరాలతో, అంతే తేడా. మొదటి పేరు పక్కన సందేహం అని రాసింది. రెండో పేరు పక్కన రాసింది. తొమ్మిదో వరసకి టైలరమ్మ కూతురు వచ్చింది. ఆ పేరు దగ్గర కలం కాసేపు ఆగింది. ఆదివారానికి గౌను ఇస్తానంది టైలరమ్మ, మాట తప్పే మనిషి కాదు, రేపు తెస్తుంది. తలుపు తీసి ఏం చెప్పాలి? వదినా అని పిలవడానికి నోరెలా వస్తుంది? ఆ పేరు పక్కన కూడా సందేహం అని రాసింది.

నాలుగుకి ఐదు నిమిషాలుందనగా ఆఖరి వరసకి వచ్చింది. స్టాఫ్ పిల్ల కాబట్టి ఆఖరి వరస. గుమ్మం దగ్గర అలికిడైంది. మిరపగింజ వచ్చి నిలబడింది, భుజాన సంచి, వెనకాల టైలరమ్మ కూతురు. "అయిపోయిందా నానమ్మా? సరిచేశావా?" అంది పిల్ల. మొహం నిండా ఆశే.

క్లర్కమ్మ తలెత్తలేదు. ఎత్తితే రాయలేదు. కలం కాగితం మీద ఆనింది, ఇరవయ్యారేళ్ళ అలవాటున చెయ్యి రెండు చిన్న గీతలు గీసేసింది.

"అమ్మా," అన్నాడు కార్యదర్శి మెల్లగా.

ఆమె ఆ గీతల్ని అడ్డంగా కొట్టేసి, దిద్దినట్టు పక్కన పొట్టి సంతకం పెట్టి, మనవరాలి పేరు ఎదురుగా ఆ మాట పూర్తిగా రాసింది.